ఆ పిల్ల మన పిల్ల అనిపించాకే ఆ పగ

పోయిన సంచికలో ఒకరికి జవాబు రాస్తూ మధ్యలో ‘మ్యాన్ ఆన్ ఫైర్’ సినిమా చూడమని ఒక్క ముక్క అన్నాను. దాని మీద గోదావరి డెల్టాలో అటు అమలాపురం నుంచి ఇటు భీమవరం దాకా ఉత్తరాలే ఉత్తరాలు, కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని గట్టిగా తిడుతూ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ సినిమాకే ఇచ్చేస్తున్నాను. చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. 2004లో టోనీ స్కాట్ తీసిన సినిమా. మెక్సికో సిటీలో డబ్బున్నవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు, తొమ్మిదేళ్ళ పీటా అనే పాప, ఆ పాపకి కాపలాగా చేరిన క్రీసీ అనే మాజీ సైనికుడు. పాపని ఎత్తుకెళ్తారు, చంపేశామని కబురు పంపిస్తారు, అతను ఒక్కొక్కడినీ వెతికి పట్టుకుని చంపుకుంటూ పోతాడు. క్రీసీగా డెంజెల్ వాషింగ్టన్, పాపగా డకోటా ఫానింగ్. ముగింపు గురించి కూడా కింద మాట్లాడాను, ముందే తెలియడం ఇష్టం లేనివాళ్ళు సినిమా చూసొచ్చి చదవండి.

ప్రశ్న: అన్నా, మీ మాట నమ్మి ఫ్రెండ్స్ అందరినీ కూర్చోబెట్టి పెట్టాను. గంట దాకా ఒక్క ఫైట్ లేదు. అతను తాగుతాడు, పాప మాట్లాడుతుంది, మళ్ళీ తాగుతాడు. మావాళ్ళు నన్ను తిట్టి లేచిపోయారు. దీన్ని యాక్షన్ సినిమా అని ఎలా అన్నారు?
(డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు)

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్స్ లేచిపోయిన ఆ గంటే అసలు సినిమా. సినిమా మొత్తం 146 నిమిషాలు, అందులో పాపని ఎత్తుకెళ్ళేది గంటకి కాస్త అటూ ఇటూగా. అంతసేపు దర్శకుడు ఏం చేస్తున్నాడో ఒకసారి చూడండి. క్రీసీ చావడానికి కూడా బద్ధకించే స్థితిలో వస్తాడు. జీవితమంతా మనుషుల్ని చంపే ఉద్యోగం చేశాడు, ఇప్పుడు సీసా వదలడు. పీటా తండ్రి అతన్ని పెట్టుకునేది మంచి కాపలాదారు అని కాదు, తాగుబోతు కాబట్టి తక్కువ జీతానికి వస్తాడని. పాప ఏదో అడగబోతే, నీకు కాపలా కాయడానికి డబ్బులిస్తున్నారు, స్నేహం చెయ్యడానికి కాదు అని మొహం మీదే చెప్పేస్తాడు. ఆ రాత్రుల్లోనే ఒకసారి తుపాకీ తలకి పెట్టుకుని నొక్కుతాడు కూడా, తూటా పేలదు. అలాంటి మనిషిని ఒక తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ కాస్త కాస్తగా, ప్రశ్నలు అడిగీ అడిగీ, బతికి ఉండాలనిపించే చోటికి లాక్కొస్తుంది. దానికి టైం పడుతుంది. అది మనం కూర్చుని చూడాలి.

మన సినిమాల్లో నాకు చాలా రోజులుగా బాధ కలిగించే సంగతి ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. హీరోకి ఒక చెల్లెలు ఉంటుంది. ఒక పాట, ఒక రాఖీ, అన్నం కలిపి ముద్ద పెట్టడం, అంతే, పది నిమిషాల్లో ఆ అమ్మాయిని చంపేస్తారు. ఇక మిగతా రెండు గంటలు అన్నయ్య నరుకుతూనే ఉంటాడు. ఆ అమ్మాయికి ఏం ఇష్టమో, దేనికి భయపడుతుందో, క్లాసులో ఎన్నో ర్యాంకో మనకి తెలియదు. మనకే తెలియని మనిషి కోసం మనకి కోపం ఎలా వస్తుంది? కత్తి ఎంత పెద్దదైనా రాదు. పీటా గురించి అయితే మనకి అన్నీ తెలుసు. ఈత పోటీల్లో ఎప్పుడూ మూడో స్థానమే వస్తుందని తెలుసు, పియానో క్లాసంటే ఏడుపని తెలుసు, తన టెడ్డీబేర్‌కి క్రీసీ పేరే పెట్టుకుందని తెలుసు. అందుకే ఆ తర్వాత అతను తుపాకీ తీస్తే మన చెయ్యి కూడా బిగుసుకుంటుంది. ఈసారి ఒక్కరే కూర్చుని చూడండి, ఫోను పక్కన పెట్టి.

ప్రశ్న: అందులో పాపకి ఈత నేర్పే సీన్లు బాగున్నాయండీ. కానీ తుపాకీ శబ్దానికి అలవాటు చేస్తే పోటీలో గెలుస్తారా? సినిమా కల్పనా, నిజంగా అలా చేస్తారా?
(వ్యాయామ ఉపాధ్యాయుడు, నరసాపురం)

జవాబు: మాస్టారూ, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. పీటా నీళ్ళలో నెమ్మది కాదు, దూకే దిమ్మ మీద నెమ్మది. స్టార్టింగ్ తుపాకీ పేలగానే ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటులో మిగతా పిల్లలు దూకేస్తారు. క్రీసీ దాన్ని కనిపెడతాడు, ఎందుకంటే అతనికి తెలిసిన శబ్దం అదొక్కటే. ఈత కొట్టే చేతుల గురించి ఎక్కువ మాట్లాడడు, ఆ ఒక్క క్షణం మీదే పని చేయిస్తాడు. చప్పుడు, దూకు. చప్పుడు, దూకు. మొండివాళ్ళు అంటూ ఎవరూ ఉండరు, శిక్షణ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని రెండు రకాలే అని ఆ పిల్లకి నూరిపోస్తాడు. పాప చివరికి పోటీలో మొదటి స్థానంలో వస్తుంది, అతని మొహంలో అప్పుడు నవ్వు చూడాలి.

ఇది కల్పన కాదు. చిన్న దూరం పోటీల్లో మొదలు పెట్టడం దగ్గరే చాలా పోతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. పరుగు పందెంలో శబ్దం వచ్చిన 0.1 సెకను లోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అని నిబంధనే ఉంది, మనిషి అంతకంటే ముందు విని కదలలేడని లెక్క. పెద్ద ఈత పోటీల్లో ఇప్పుడు తుపాకీ బదులు ఎలక్ట్రానిక్ హారన్ వాడతారు, ఒక్కో దిమ్మ దగ్గర ఒక్కో స్పీకర్ పెడతారు. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది కదా, చివరి లేన్‌లో పిల్లకి ఆలస్యంగా వినపడకూడదని. మన దగ్గర పిల్లలు కాలవలో రేవు మెట్ల మీంచి దూకి ఈత నేర్చుకుంటారు, చేతుల్లో బలం ఉంటుంది, ఊపిరి ఉంటుంది, కానీ చప్పుడు విని దూకే అలవాటు ఉండదు. జిల్లా పోటీలకి తీసుకెళ్ళేముందు మీ విజిల్‌తోనే అది నేర్పొచ్చు.

ఇంకో మాట. ఈ ఈత సీన్ల పూర్తి అర్థం తర్వాత గాని తెలియదు. పియానో క్లాసు బయట ముఠా చుట్టుముట్టినప్పుడు, తుపాకులు పేలుతుంటే పాప పరిగెత్తుతుంది. క్రీసీ కింద పడిపోయేసరికి మాత్రం వెనక్కి తిరిగి అతని దగ్గరికే వస్తుంది. చప్పుడుకి భయపడకుండా ఉండటం అతను నేర్పాడు. అతన్ని వదిలేసి పారిపోవడం మాత్రం నేర్పలేకపోయాడు. ఆ సీన్ ఎప్పుడు చూసినా నాకు గొంతు పూడుకుపోతుంది.

ప్రశ్న: కిడ్నాప్‌కి ఇన్సూరెన్స్ అని చూపించారు. నేను పాలసీలు అమ్మేవాణ్ణి, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. నిజంగా ఉంటుందా?
(బీమా ఏజెంటు, తణుకు)

జవాబు: ఉంటుందండీ, చాలా ఏళ్ళ నుంచీ ఉంది. అమెరికాలో 1932లో లిండ్‌బర్గ్ అనే పేరున్న విమాన చోదకుడి పసిబిడ్డని ఎత్తుకెళ్ళి చంపేశాక లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా మార్కెట్‌లో ఇలాంటి పాలసీలు మొదలయ్యాయి, 1970ల్లో కిడ్నాపులు పెరిగాక బాగా విస్తరించాయి. మీకు ఆసక్తిగా ఉండేది దాని పద్ధతి. మామూలుగా కంపెనీ దొంగలకి నేరుగా డబ్బివ్వదు. కుటుంబం ముందు ఎక్కడో తెచ్చి కట్టాలి, తర్వాత కంపెనీ తిరిగి చెల్లిస్తుంది. పాలసీ ఉన్నట్టు బయట ఎవరికీ చెప్పకూడదని షరతు కూడా ఉంటుంది. చెబితే, ఫలానా వాళ్ళ దగ్గర ఇంత వస్తుంది అని దొంగకి లెక్క చెప్పినట్టేగా.

సినిమాలో మెలిక అంతా అక్కడే. బాడీగార్డ్ ఉంటేనే పాలసీ కొనసాగుతుంది, అందుకే ఆ తండ్రి ఎవడో ఒకణ్ణి చవగ్గా పెట్టుకుంటాడు. తర్వాత తెలుస్తుంది, తండ్రి నుంచి సంక్రమించిన అప్పులు తీర్చడానికి లాయరుతో కలిసి కూతురి కిడ్నాప్‌కి తనే ఒప్పుకున్నాడని, రెండు రోజుల్లో పాప తిరిగొచ్చేస్తుంది, డబ్బు చేతికొస్తుంది అనుకున్నాడని. దారిలో అవినీతి పోలీసులే ఆ సొమ్ము మీద పడేసరికి లెక్క తప్పింది. ఇటలీ అయితే ఈ జబ్బుకి 1991లో ఒక చట్టం చేసింది, ఎవరినైనా ఎత్తుకెళ్తే ఆ కుటుంబం ఆస్తులన్నీ స్తంభింపజేయమని. కట్టడానికి డబ్బే దొరక్కపోతే ఎత్తుకుపోయేవాడికి లాభం ఉండదని ఆలోచన. కన్నవాళ్ళకి అది ఎంత నరకమో ఊహించుకోవచ్చు, కానీ అక్కడ కిడ్నాపులు తగ్గుముఖం పట్టింది ఆ రోజుల్లోనే.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. పాప, బాడీగార్డ్ స్నేహం అని మీరు రాశారు కదా అని వాడితో కలిసి చూద్దామనుకుంటున్నాను. చూడొచ్చా?
(గృహిణి, రాజోలు)

జవాబు: వద్దమ్మా. మొదటి సగం చూపించి ఆపేయగలిగితే సరే, కానీ ఏ పిల్లాడూ ఆపనివ్వడు. రెండో సగంలో క్రీసీ ఒకణ్ణి కారు స్టీరింగ్‌కి చేతులు కట్టేసి వేళ్ళు ఒక్కొక్కటే కోస్తూ ప్రశ్నలు అడుగుతాడు. చూడలేం. అమెరికాలోనే దీనికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్ళ లోపువాళ్ళు పెద్దవాళ్ళ తోడు లేకుండా చూడకూడదని.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలనుంది. నాకు ఎంతో ఇష్టమైన ఈ సినిమాలో నాకు నచ్చనిది కూడా అదే. క్రీసీ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కొన్ని చోట్ల దర్శకుడు ఆ హింసని చూసి మురిసిపోయాడు. చెడ్డవాడు ఎలాగూ చెడ్డవాడే కదా, ఎంత చిత్రహింస పెట్టినా పర్వాలేదు అన్న లెక్క నాకు మింగుడు పడదు. పైగా చిత్రహింస పెడితే ప్రతివాడూ నిజమే చెప్తాడన్నట్టు చూపించారు, బాధ భరించలేక మనిషి ఏదైనా ఒప్పేసుకుంటాడని పోలీసు కేసులు చదివిన ఎవరికైనా తెలుసు. మీ అబ్బాయికి ఇంకో ఆరేడేళ్ళు ఆగి చూపించండి, అప్పుడు ఇద్దరూ కూర్చుని ఈ సంగతే మాట్లాడుకోండి.

ప్రశ్న: చెరువుల మీద నాలుగు రాళ్ళు సంపాదించాక ఇంట్లో భయం మొదలైంది సార్. ఈ సినిమా చూశాక మా ఆవిడకి నిద్ర లేదు. పాప రోజూ కారులో భీమవరం స్కూలుకి వెళ్ళొస్తుంది. ఒక బాడీగార్డ్‌ని పెట్టమంటోంది. పెట్టమంటారా?
(రొయ్యల రైతు, ఉండి దగ్గర)

జవాబు: టెన్షన్ పడకండి. సినిమా మెక్సికో కథ, మీది ఉండి ఊరు. కానీ మీ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను, కన్నవాళ్ళకి భయం ఉంటుంది.

ఆ సినిమాలోనే మీకు పనికొచ్చేది ఒకటుంది. తమ కారుని ఒక బండి వెంబడిస్తోందని అనుమానం వస్తే, పీటా ఆ నంబరు తన నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. పిల్ల పోయాక క్రీసీకి మొదట దొరికిన ఆధారం ఆ నోట్‌బుక్కే, తుపాకీ కాదు. మీ పాపకి మీ ఇద్దరి ఫోన్ నంబర్లు చూడకుండా చెప్పడం రావాలి. తెలుగు అక్షరాలు వచ్చినట్టే బండి నంబరు చదవడం రావాలి. ఎవరో వచ్చి నాన్న తీసుకురమ్మన్నాడు అంటే, ఇంట్లోవాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక మాట అడగమని నేర్పండి, ఆ మాట చెప్పలేనివాళ్ళతో కదలకూడదు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 112 ఎమర్జెన్సీ, ఈ రెండూ కారులో అంటించండి. డ్రైవర్‌ని పెట్టుకునేముందు అతని ఊరు, ఇల్లు, లైసెన్సు స్వయంగా చూడండి. ఎన్ని ఎకరాలు, ఈసారి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత, ఎంతకి అమ్మారు అన్నది టీ కొట్టు దగ్గర మాట్లాడకండి, పాప ఫొటోతో కొత్త కారు స్టేటస్‌లో పెట్టకండి.

ఇవన్నీ అయ్యాక కూడా మనిషిని పెట్టాలనిపిస్తే, 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉన్న సంస్థ నుంచే తీసుకోండి. ఎవరో తెలిసినాయన పంపించాడని, తక్కువకి వస్తున్నాడని పెట్టుకోవద్దు. పీటా తండ్రి చేసింది అదే. అతనికి దొరికింది క్రీసీ కాబట్టి సరిపోయింది.

ప్రశ్న: ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. ఆ సినిమాలో బొమ్మ ఊగిపోతుంది, రంగులు మండిపోతాయి, సబ్‌టైటిల్స్ తెర మీద ఎక్కడ పడితే అక్కడ ఎగురుతాయి. నాకు తలనొప్పి వచ్చింది. కావాలని చేశారా?
(అమలాపురం)

జవాబు: కావాలనే. చేత్తో తిప్పే పాతకాలం కెమెరాలతో కొన్ని షాట్లు తీశారు, వేగం ఒకేలా ఉండదు కాబట్టి బొమ్మ అదురుతుంది, ఒకే ఫిల్మ్ మీద రెండు మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేశారు. స్లైడ్లకి వాడే రివర్సల్ ఫిల్మ్‌ని మామూలు నెగెటివ్ రసాయనాల్లో కడిగితే రంగులు అలా మండుతాయి. సబ్‌టైటిల్‌ని కింద పట్టీలా పడెయ్యకుండా, అరుపు అయితే పెద్ద అక్షరాలు, గుసగుస అయితే చిన్నవి, పక్కకి జారిపోయేవి, అలా మాటలో భాగం చేశారు. స్పానిష్ రాని మనకి కూడా ఆ గొంతు వినపడుతుంది.

మొదటి సగంలో ఇది చాలా బాగా పని చేసింది. తాగి, నిద్ర లేక, చచ్చిపోదామనుకునే మనిషికి లోకం అలాగే కనపడుతుంది. పాపతో ఉన్నప్పుడు మాత్రం కెమెరా కుదురుగా ఉంటుంది, ఎండ పడుతుంది, నీళ్ళు నీళ్ళలా కనపడతాయి. ఆ తేడా మీరు రెండోసారి చూసి రాసి పెట్టుకోండి, ఎడిటింగ్‌లో అంతకంటే మంచి పాఠం ఉండదు. చివర్లో మాత్రం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. అన్ని చోట్లా ఊగితే ఎక్కడ ఊగాలో తెలియదు.

ప్రశ్న: మా మొగల్తూరు చిరంజీవి గారు ఎప్పుడో ‘పసివాడి ప్రాణం’లో చేసేశారు ఇది. తాగుబోతు హీరో, పసిబిడ్డ, వెంటపడే హంతకులు. మీరు ఇంగ్లిషు సినిమాని ఎందుకు ఎత్తుకుంటున్నారు?
(రిటైర్డు గుమాస్తా, మొగల్తూరు)

జవాబు: బాబాయ్ గారూ, మీ అభిమానానికి దండం. మీరన్నది నిజమే, 1987లో కోదండరామిరెడ్డి గారు తీసిన ఆ సినిమా కూడా తాగుడులో మునిగిన మనిషిని ఒక పసివాడు బతికించే కథే. హత్య కళ్ళారా చూశాడు, కానీ చెప్పడానికి నోరు లేదు, వినడానికి చెవులు లేవు. ఆ బాబు వేషం వేసింది సుజిత అనే చిన్నపాప, ఎన్నిసార్లు చూసినా ఆ కళ్ళే గుర్తుంటాయి. మూలం అంతకుముందు ఏడాది ఫాజిల్ మలయాళంలో తీసిన సినిమా, దీనికీ ఇంగ్లిషు కథకీ సంబంధం లేదు.

రెండింటిలో ఏది గొప్ప అని నన్ను తేల్చమనకండి. తేడా ఒక్కటి చెప్తాను. మన సినిమాలో హీరో పని బిడ్డని కాపాడటం, చివరి దాకా బిడ్డ అతని చంక దిగడు. ఇంగ్లిషు సినిమాలో అతను కాపాడలేకపోతాడు. కాపాడలేకపోయిన మనిషి చేసే పని పగ. మనవాళ్ళు బిడ్డని హీరో చేతుల్లోనే ఉంచారు కాబట్టే కుటుంబాలకి కుటుంబాలు కూర్చుని చూశాయి, అది చిన్న సంగతేమీ కాదు. ఆ రోజుల్లో బ్రేక్ డాన్స్ కోసం వెళ్ళినవాళ్ళు కూడా బాబు కోసం ఏడ్చి బయటికొచ్చారు.

ప్రశ్న: నవలలో పాప చచ్చిపోతుందట కదా? మరి సినిమాలో బతికించారు, హీరోని చంపారు. ఏది కరెక్ట్ అంటారు? నాకైతే సినిమా ముగింపు మోసం అనిపించింది.
(లైబ్రేరియన్, రావులపాలెం)

జవాబు: నిజమేనండీ. ఎ.జె.క్విన్నెల్ అనే కలం పేరుతో ఫిలిప్ నికల్సన్ 1980లో రాసిన నవల అది. కథ జరిగేది ఇటలీలో, పాప తిరిగి రాదు, క్రీసీ బతుకుతాడు. 1987లో స్కాట్ గ్లెన్‌తో ఒకసారి సినిమాగా వచ్చింది. 2004 నాటికి ఇటలీలో ఆ కిడ్నాపుల కాలం దాటిపోయింది కాబట్టి కథని మెక్సికోకి మార్చారు. మరుసటి ఏడాదే అమితాబ్‌తో హిందీలో ‘ఏక్ అజ్నబీ’ వచ్చింది, అది బ్యాంకాక్‌లో.

మీరు మోసం అన్నారు, నేను ఒప్పుకోను. పాప చచ్చిపోయిందని మనల్నీ క్రీసీనీ గంటకి పైగా నమ్మించారు, అది నిజం. కానీ పాప బతికే ఉందని ఫోనులో వినగానే అతని మొహం చూడండి. అప్పటిదాకా చంపడానికి మాత్రమే బతికిన మనిషి, ఇక చంపడం అక్కర్లేదు. ముఠా నాయకుడి తమ్ముడు ఇతని చేతుల్లో ఉన్నాడు, కావాలంటే ఇంకో పదిమందిని తీసుకుపోగలడు. అతను బేరం పెట్టడు. ఆ తమ్ముణ్ణీ, దానితో పాటు తననీ ఇచ్చేసి, పాపని తెచ్చుకుంటాడు. వంతెన మీద పాప పరిగెత్తుకుంటూ వస్తుంది, కౌగిలించుకుంటాడు, అమ్మ దగ్గరికి వెళ్ళమంటాడు, తూటా దెబ్బతో నడుస్తూ వెళ్ళి వాళ్ళ కారెక్కి అందులోనే ప్రాణం వదులుతాడు. మొదట్లో తుపాకీ తలకి పెట్టుకున్నాడే, ఆ చావుకీ ఈ చావుకీ మధ్యలో ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

నవల ముగింపు లోకానికి దగ్గరగా ఉంటుంది, కాదనను. పాప పోయాక ఎంతమందిని చంపినా పాప రాదు అన్న నిజం అందులో ఉంది, మీలాగే చాలామంది పాఠకులు దాన్నే మెచ్చుకుంటారు. కానీ మొదటి గంటలో ఆ పిల్లని నాకు అంత దగ్గర చేసిన సినిమా, ఆ పిల్లని నాకు తిరిగి ఇచ్చింది. ఆ ముగింపుకి నేను కృతజ్ఞతగానే ఉన్నాను. నవల మీ లైబ్రరీలో ఉంటే పక్కన పెట్టి ఉంచండి, రావులపాలెం వచ్చినప్పుడు తీసుకెళ్తాను.